ఆపరేషన్ అయిన తర్వాత పిల్లల చెయ్యి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఈ సభకు పిలిచినప్పుడు కార్యదర్శిగారు ఒక మాట అన్నారు. సంఘం వైద్య సహాయనిధి నుంచి పసిపిల్లల చేతి ఆపరేషన్లకు కూడా కొంత సొమ్ము ఇస్తున్నామనీ, అయితే "ఆపరేషన్ అయిందని రసీదు వస్తుంది, ఆ తర్వాత ఆ చెయ్యి ఏమైందో మాకు తెలియదు" అనీ. ఆ మాట మా మనసులో నిలిచిపోయింది. ఎందుకంటే మా పని సరిగ్గా ఆ రసీదు వచ్చిన నాడే మొదలవుతుంది. మేము ఆపరేషన్ చేసే డాక్టర్లం కాము. కట్టు విప్పిన తర్వాత ఆ చేతిని మా చేతిలోకి తీసుకుని, దానికి పట్టుకోవడం, విడిచిపెట్టడం నేర్పే విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసినవాళ్ళం. కాబట్టి కత్తి గురించి తక్కువగానూ, కట్టు విప్పిన తర్వాతి సంగతులు ఎక్కువగానూ చెబుతాము. ఎక్కడైనా ఆసుపత్రి భాష దొర్లితే ఆపి అడగండి, మొహమాటపడకండి.

ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. బిడ్డ చేతిలో లోపం కనబడగానే ఇంట్లో పుట్టే మొదటి ప్రశ్న "ఎందుకిలా అయింది?" అని. రెండో ప్రశ్న, పైకి అనకపోయినా, "ఎవరివల్ల?" అని. గ్రహణం నాడు కత్తిపీట ముట్టిందంటారు, చేయకూడని పని ఏదో చేసిందంటారు. తిరిగి తిరిగి నేరం తల్లి నెత్తినే పడుతుంది. బాలింత ఒక మూల కూర్చుని బిడ్డ చేతిని కొంగులో దాస్తూ వుంటుంది. ఇది మేము ఒక్క మతంవాళ్ళ ఇళ్ళలో చూసింది కాదు, అందరి ఇళ్ళలోనూ చూశాము.

అసలు జరిగేది ఇది. గర్భంలో నాలుగో వారం చివరికి భుజం దగ్గర చిన్న మొగ్గలాగా చెయ్యి బయలుదేరుతుంది. మొదట అది పడవ తెడ్డులాగా వుంటుంది, వేళ్ళు విడిగా వుండవు. తర్వాత వేళ్ళ మధ్యనున్న కణాలు వాటంతట అవే నశించి సందులు ఏర్పడతాయి. ఎనిమిదో వారం ముగిసేసరికి అయిదు వేళ్ళూ విడివడి, బుల్లి చెయ్యి తయారైపోతుంది. ఆ సందు ఏర్పడటం ఆగిపోతే వేళ్ళు అతుక్కుని పుడతాయి. మొగ్గ రెండుగా చీలితే అదనపు వేలు వస్తుంది. ఒక పక్క మొగ్గ సరిగా ఎదగకపోతే బొటనవేలో, ముంజేతి ఎముకో లేకుండా పుడుతుంది. అంటే తల్లికి నెల తప్పిన సంగతి రూఢి అయ్యేసరికే చేతి నిర్మాణం చాలావరకు ముగిసిపోతుందన్నమాట. అయిదో నెలలో పట్టిన గ్రహణం రెండో నెలలోనే పూర్తయిన చేతిని ఏం చేయగలదు చెప్పండి?

కారణం తెలిసినవి కొన్ని లేకపోలేదు. 1957 నుంచి 1961 దాకా జర్మనీలోనూ, ఇంకా చాలా దేశాల్లోనూ థాలిడోమైడ్ అనే మందు అమ్మారు. గర్భిణీ స్త్రీలు వాంతులకూ, నిద్రకూ వేసుకున్నారు. చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడని పిల్లలు వేలసంఖ్యలో పుట్టారు. 1961లో జర్మనీలో లెంజ్ అనే డాక్టరూ, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ అనే డాక్టరూ ఆ మందును అనుమానించిన తర్వాత దాన్ని బజారు నుంచి తీసేశారు. గర్భిణి మందులషాపులో అడిగి ఏ మాత్రా వేసుకోకూడదని డాక్టర్లు పదేపదే చెప్పడం వెనక ఈ కథ వుంది. కొన్ని లోపాలు వంశంలో వస్తాయి. వేళ్ళు అతుక్కున్న బిడ్డను తీసుకొస్తే మేము తండ్రిని చెప్పులు విడవమంటాం. ఒక్కోసారి ఆయన కాలి వేళ్ళు రెండు కలిసే వుంటాయి, ఆయన ఎన్నడూ పట్టించుకుని వుండడు. అప్పటిదాకా కోడలి మీద వున్న చూపులు కాస్త పక్కకు తిరుగుతాయి! కాని ఎక్కువమంది పిల్లల విషయంలో కారణం ఇదీ అని ఎవరూ వేలెత్తి చూపలేరు. చిన్నా పెద్దా అన్నీ కలిపి చూస్తే దాదాపు 500 మంది పిల్లల్లో ఒకరికి చేతిలో ఏదో ఒక తేడా వుంటుందని అంచనా. కనుక ఇది మీ ఒక్క ఇంటికే వచ్చింది కాదు.

ఇక రకాలు. ఆరో వేలు అందరూ ఎరిగినదే. అదృష్టమని కొందరు వుంచుకుంటారు. అడ్డం రాకపోతే వుంచుకోనివ్వండి, మాకేమీ అభ్యంతరం లేదు. చిటికెన వేలి పక్కన సన్నని తొడిమెకు వేలాడే కండను దారంతో బిగించి కడతారు ఊళ్ళలో. అది చీము పట్టి, రక్తం కారి వచ్చిన పిల్లల్ని చూశాము. డాక్టరుకు అది చిన్న పని, ఆయన చేత చేయించండి. బొటనవేలు రెండుగా వుంటే మాత్రం అది చిన్న పని కాదు. చూడటానికి ఒకటి తీసేస్తే సరిపోతుందనిపిస్తుంది. ఆ రెండూ ఒకే వేలు చీలి ఏర్పడినవి గనుక ఒకదానిలో వున్న కండరమూ, కీలును బిగించి పట్టే బంధనమూ రెండోదానికి కావాలి. తీసేసే వేలి నుంచి వాటిని వొలిచి, వుంచే వేలికి కుట్టాలి. అలా చేయకుండా కొట్టివేస్తే మిగిలిన వేలు పెరిగేకొద్దీ వంకర తిరుగుతుంది, పట్టు వుండదు. వేలి చుట్టూ ఉంగరం బిగించినట్టు నొక్కు పడి, ఆ కింద వాచి నల్లబడుతూ వుంటే ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఏడాది రెండేళ్ళ పిల్లల బొటనవేలు వంగి, తెరుచుకోకుండా వుండిపోవడం మరొకటి. దానికి తొందర లేదు, కొందరికి అదే సర్దుకుంటుంది, లేకపోతే చిన్న ఆపరేషన్ వుంది.

వేళ్ళు అతుక్కోవడం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది వచ్చేది దీనికే. సాధారణంగా మధ్యవేలూ ఉంగరపు వేలూ కలిసి వుంటాయి. తండ్రులు అడుగుతారు, "మధ్యలో కోసి కుట్టేస్తే అయిపోదా సార్" అని. అయిపోదు. రెండు వేళ్ళను కలిపి చుట్టివున్న చర్మం, విడదీసిన తర్వాత రెండింటికీ చాలదు. కావాలంటే ఇంటికెళ్ళి మీ రెండు వేళ్ళకూ కలిపి ఒక దారం చుట్టి కొలవండి, తర్వాత విడివిడిగా ఒక్కో వేలికి చుట్టి ఆ రెండూ కలిపి చూడండి, లెక్క తేలుతుంది. అందుకని వంకీలు వంకీలుగా కోసి, వేళ్ళ సందుకు చేతి వెనక నుంచి చర్మం మడతపెట్టి, చాలనిచోట గజ్జల్లోంచి చర్మం తెచ్చి అతికిస్తారు. బొటనవేలూ చూపుడువేలూ, లేదా ఉంగరపు వేలూ చిటికెన వేలూ కలిసివుంటే ఏడాది లోపే విడదీయడం మంచిది. పొడుగులో తేడా వున్న వేళ్ళు గనుక పెద్దదాన్ని చిన్నది గుంజి వంచేస్తుంది. మధ్యవేలూ ఉంగరపు వేలూ అయితే కొంత ఆగవచ్చు, ఏడాదీ ఏడాదిన్నరకు చేస్తారు. మూడు వేళ్ళు కలిసివుంటే అన్నీ ఒకేసారి విడదీయమని పట్టుపట్టకండి. ఒక వేలికి రెండు పక్కలా ఒకేసారి కోస్తే రక్తం అందక ఆ వేలే పోవచ్చు. రెండుసార్లు ఆసుపత్రి ఖర్చు అని మీకు వుంటుంది, నిజమే, కాని వేలు పోతే ఏ ఖర్చుతోనూ తిరిగి రాదు.

ఆపరేషన్ తర్వాత ఆ చిన్న చేతికి మోచేతి పైదాకా పిండికట్టు వేస్తారు. అంత పెద్ద కట్టు చూసి తల్లులు బెదిరిపోతారు. అది ఎముక విరిగి కాదు. పొట్టి కట్టు వేస్తే ఆ వయసు పిల్లలు అరగంటలో చెయ్యి లాగేసుకుంటారు. రెండు మూడు వారాలు ఆ కట్టు తడవకుండా చూడాలి. వేలి కొసలు నీలంగా, చల్లగా అయినా, బిడ్డ ఆగకుండా ఏడుస్తున్నా, దుర్వాసన వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి.

కట్టు విప్పిన రోజు ఇంట్లో అందరూ నిరాశపడతారు. కొత్త చెయ్యి చూడబోతున్నామనుకుని వస్తారు. కనిపించేది నల్లగా పొక్కు కట్టిన చర్మం, వాచిన వేళ్ళు. గజ్జల్లోంచి తెచ్చిన చర్మం చుట్టుపక్కల కంటే కొంచెం నల్లగానే వుంటుంది, చాలాకాలం అలాగే వుంటుంది. పుండు పూర్తిగా మానాక అసలు పని వస్తుంది. మచ్చ తనంతట తాను గట్టిపడి ముడుచుకోవాలని చూస్తుంది, మనం దాన్ని మెత్తబరచాలి. కొబ్బరినూనో వాజలీనో వేలి కొసన తీసుకుని, మచ్చ మీద నొక్కిపట్టి గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. పైపైన నిమరడం కాదు, అడుగు చర్మం కదలాలి. రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు. రాత్రిపూట వేళ్ళు విడిగా వుంచే బద్ద మేము చేసి ఇస్తాము. ఇది వారం రోజుల పని కాదండీ, నెలల పని. అతికించిన చర్మానికి మొదట్లో వేడీ చల్లనా సరిగా తెలియదు. పిల్ల వేడి గ్లాసు పట్టుకుని కాలినా చెప్పదు, మీరే చూసుకోవాలి.

ఆడపిల్లల తల్లులు పండగ ముందు తప్పకుండా అడిగేది మెహందీ. చర్మం పూర్తిగా మానిన తర్వాత అచ్చమైన గోరింటాకు రుబ్బి పెట్టుకోండి, ఏమీ కాదు. బజారులో కోన్లలో అమ్మే 'నల్ల మెహందీ' మాత్రం వద్దు. త్వరగా నల్లబడటానికి అందులో జుట్టుకు వేసే రంగు రసాయనం కలుపుతారు. మంచి చర్మమే బొబ్బలెక్కుతుంది, అతికించిన చర్మం సంగతి చెప్పనక్కరలేదు.

మరో సంగతి. ఆపరేషన్ బాగా జరిగినా, బిడ్డ పెరుగుతూ వుంటే మచ్చ మాత్రం అంత పెరగదు. అయిదారేళ్ళు తిరిగేసరికి వేళ్ళ సందు మెల్లగా పైకి పాకి, మళ్ళీ కొంత అతుక్కున్నట్టు కనబడవచ్చు. అప్పుడు డాక్టరు చెడగొట్టాడని తిట్టుకుంటారు. చాలాసార్లు అది ఎవరి తప్పూ కాదు, పెరుగుదల స్వభావం. కొందరికి రెండోసారి చిన్న ఆపరేషన్ చేయాలి. అందుకే ఎముకలు పెరగడం ఆగే వయసు దాకా, అంటే పదిహేను పదహారేళ్ళ వరకు, ఏడాదికోసారైనా చూపించమంటాము. ఎంతమంది వస్తారో మీరే ఊహించుకోండి.

ఇక బొటనవేలు. చేతి పనిలో నలభై పాళ్ళు బొటనవేలిదేనని వైద్యులు లెక్కగా చెబుతుంటారు. ఆ లెక్క ఎలా వున్నా, బొటనవేలు ముడిచిపెట్టుకుని చొక్కా గుండీ పెట్టి చూడండి, తెలుస్తుంది. బొటనవేలు లేకుండా పుట్టిన బిడ్డకు, లేక ఎముక లేకుండా తోలుతో వేలాడే బొటనవేలు వున్న బిడ్డకు, చూపుడువేలినే తెచ్చి బొటనవేలి స్థానంలో పెట్టే ఆపరేషన్ ఒకటుంది. వేలిని దాని రక్తనాళాలతో, నరాలతో సహా వుంచి, అరచేతి ఎముకను కుదించి, తక్కిన వేళ్ళకు ఎదురుగా వచ్చేలా తిప్పి నిలబెడతారు. థాలిడోమైడ్ పిల్లలెందరికో చేతులు సరిచేసిన జర్మనీ సర్జన్, హాంబుర్గ్‌కు చెందిన బుక్-గ్రామ్‌కో, ఈ పద్ధతిని చక్కదిద్ది 1971లో ప్రకటించాడు. ఈనాటికీ ప్రపంచమంతా చాలావరకు ఆ దారిలోనే చేస్తున్నారు. ఒక మందు చేసిన చెరుపు నుంచి ఎంతోమంది పిల్లలకు పనికివచ్చే విద్య ఎదిగింది.

"అయిదు వేళ్ళు లేకపోగా వున్న నాలుగింట్లో ఒకటి తీసి అటు పెడతారా?" అని నానమ్మలు మండిపడతారు. లెక్కకు నాలుగే. కాని ఆ నాలుగింటిలో ఒకటి ఎదురుగా నిలబడితే చేతి పని మారిపోతుంది.

మేము చూసిన ఒక పాప సంగతి చెబుతాము. ఆపరేషన్ నాటికి దానికి రెండేళ్ళు. అప్పటిదాకా ఏ వస్తువునైనా చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించి పట్టుకునేది, కత్తెరతో పట్టినట్టు. ఆపరేషన్ అయింది, నెల తర్వాత పిండికట్టు తీశారు, కొత్త బొటనవేలు ముచ్చటగా వుంది. పాప దానివైపు చూడలేదు. మధ్యవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించడం మొదలుపెట్టింది! అమ్మీ ఏడ్చింది, "డబ్బూ పోయింది, వేలూ పోయింది" అని. ఇది జరుగుతుందని మాకు తెలుసు. చిన్న వస్తువు ఇస్తే పిల్ల పాత పద్ధతికే పోతుంది, అందుకని వేళ్ళ సందులో ఇరకని పెద్ద వస్తువులు ఇవ్వాలి. ముందు రబ్బరు బంతి ఇచ్చాము, తర్వాత స్టీలు గ్లాసు, జామకాయ. ఇంట్లో రొట్టెల పిండి ముద్ద ఇచ్చి పిసకమన్నాము. ఆ తర్వాత ఉల్లిపాయ, నిమ్మకాయ, ఖర్జూరపండు, అలా చిన్నవాటికి దిగుతూ వచ్చాము. చెయ్యి పట్టుకుని "ఇలా చెయ్యి, అలా చెయ్యి" అంటే ఆ వయసు పిల్లలు చేయరు. వాళ్ళకు వ్యాయామం తెలియదు, ఆటే తెలుసు. మూడు నెలలు గడిచాక ఒకనాడు వాళ్ళమ్మీ శనగలు ఏరుతుంటే పక్కన కూర్చుని ఒక శనగ గింజను కొత్త బొటనవేలితో, మధ్యవేలి కొసతో తీసి నోట్లో వేసుకుందట. ఆవిడ ఆ రోజు ఆసుపత్రికి వచ్చి మా బల్ల మీద గుప్పెడు శనగలు పోసి "చూడండి" అంది. మా ముందు పాప ఒక్కటి కూడా తీయలేదనుకోండి!

ఆ పాప ఆరేళ్ళకు తన పైజమా నాడా తానే ముడివేసుకుంది. అయితే ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ వేలికి పుట్టు బొటనవేలి బలం రాదు. సీసా మూత బిగుసుకుంటే ఇప్పటికీ తమ్ముడినే పిలుస్తుంది. ముంజెయ్యి కూడా సరిగా ఏర్పడని పిల్లలకైతే వేళ్ళే బిర్రుగా వుంటాయి గనుక ఫలితం ఇంకా తక్కువ. వేలు ఎంత వంగేదీ, ఎంత బలంగా పట్టేదీ ఆపరేషన్‌కు ముందే చూసి చెప్పగలరు. ముందే అడగండి.

ఇప్పుడు చెప్పేది కొంచెం బరువైన విషయం. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. బొటనవేలి వైపు ఎముక లేకుండా పుడితే మణికట్టు ఆ పక్కకు కొడవలిలా వంగిపోతుంది. ఇలాంటి బిడ్డ పుట్టగానే చేతి కంటే ముందు చూపించవలసినవి గుండె, మూత్రపిండాలు, వెన్నెముక, రక్తం. ఇవన్నీ గర్భంలో అదే కాలంలో ఏర్పడతాయి కనుక వాటిలోనూ లోపం వుండవచ్చు. ముఖ్యంగా ఫాంకోని రక్తహీనత అనే జబ్బు వుంది. పుట్టినప్పుడు రక్తం మామూలుగానే వుండి, బడికి వెళ్ళే వయసులో మూలుగు ఎండిపోవడం మొదలవుతుంది. దీనికి ప్రత్యేకమైన క్రోమోజోమ్ పరీక్ష వుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక్కో దోషపు జన్యువు వచ్చినప్పుడు సాధారణంగా ఈ జబ్బు కలుగుతుంది గనుక దగ్గర సంబంధాల్లో ఎక్కువగా బయటపడుతుంది. మన దగ్గర చాచా, మామూ బిడ్డల మధ్య పెళ్ళిళ్ళున్నాయి, హిందువుల్లో మేనరికాలున్నాయి. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, తర్వాతి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోమని చెప్పడానికే ఈ మాట.

వంగిన మణికట్టును నిటారు చేసే ఆపరేషన్ వుంది. మంచి ఆపరేషనే. కాని అందరికీ కాదు. మోచెయ్యి వంగని బిడ్డకు అది చేయకూడదు. ఎందుకో ఒక పిల్లవాడి వల్ల మాకు బాగా తెలుసు. రెండు చేతులకూ ఆ ఎముక లేదు, రెండు మోచేతులూ కర్రల్లా బిర్రుగా వున్నాయి. మోచెయ్యి వంగకపోయినా వాడు మూడేళ్ళకే అన్నం తన చేత్తో తినేవాడు. ఎలా? మణికట్టు వంకర వుంది కాబట్టి! ఆ వంకరే చేతిని నోటిదాకా తీసుకెళ్ళేది. మా విభాగంలో డాక్టరు వాడిని అరగంటసేపు బిస్కెట్ తింటుంటే చూసి, "దీన్ని ముట్టుకోవద్దు" అన్నారు. ఇంటివాళ్ళకు అది రుచించలేదు. నలుగురిలో చెయ్యి తిన్నగా కనబడాలి, పెద్దయ్యాక పిల్లనిచ్చేవాళ్ళు చూస్తారు అన్నారు. వాళ్ళ బాధ వాళ్ళది. మేము నవ్వేవాళ్ళం కాము. వేరేచోటికి తీసుకెళ్ళి కుడి మణికట్టు తిన్నగా చేయించారు. ఏడాది తర్వాత మా దగ్గరికి వచ్చారు. చెయ్యి తిన్నగానే వుంది, ఫోటోలో చక్కగా వుంది. ముద్ద పట్టుకుంటే మాత్రం నోటికి జానెడు దూరంలో ఆగిపోతోంది.

మేము అల్యూమినియం కడ్డీ వంచి, పొడుగు పిడి వేసి ఒక చెంచా తయారుచేసి ఇచ్చాము. ఇంట్లో దానితో తింటున్నాడు. పెళ్ళిళ్ళలో దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటే మాత్రం ఆ చెంచా సంచీలోంచి తీయడట, ఆకలి లేదంటాడట. ఈ సంగతి వాడి అబ్బా మాకు చెప్పినప్పుడు మా దగ్గర జవాబు లేకపోయింది.

కనుక ఆపరేషన్ మాట రాగానే డాక్టరును ఈ ప్రశ్న అడగండి: "దీనివల్ల మా బిడ్డ ఇప్పుడు చేయలేనిది ఏం చేయగలుగుతుంది? ఇప్పుడు చేస్తున్నది ఏదైనా పోతుందా?" రెండు చేతుల్లోనూ లోపం వుంటే కనీసం ఒకటి నోటికి అందాలి, ఒకటి శౌచానికి అందాలి. ఈ రెండూ పోగొట్టే అందం ఏ పనికీ రాదు. అలాగని అందం అనవసరమని మేము అనము. బడిలో "ఏయ్ పీత చెయ్యి" అని పిలిపించుకున్న పిల్లకు చెయ్యి జేబులో దాచుకోవడమే అలవాటవుతుంది. దాచిన చెయ్యి పని చేయదు. చూపుకు కాస్త బాగున్న చెయ్యి బయటికి వస్తుంది, బయటికి వచ్చిన చెయ్యే పని నేర్చుకుంటుంది. ఈ రెంటినీ తూచి చూడాలి.

మా దగ్గర కొలిచే పనిముట్లున్నాయి. పిడికిలి ఎన్ని కిలోల బలంతో బిగుస్తుందో చూస్తాము, వేలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలుస్తాము, చెక్కముక్కలు ఈ గడి నుంచి ఆ గడికి నిమిషంలో ఎన్ని మారుస్తారో లెక్కపెడతాము. 1969 నుంచి వాడుకలో వున్న జెబ్సెన్ పరీక్షలో రాయడం, కార్డులు తిప్పడం, చెంచాతో గింజలు ఎత్తడం, డబ్బాలు జరపడం వుంటాయి. ఇవి కావలసినవే. కాని కాగితం మీద తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాడు బయట వరండాలో గాలిపటం దారం చుట్టుకుంటూ కనబడతాడు. పుట్టుకతోనే అలాంటి చెయ్యి వున్న బిడ్డకు తాను పోగొట్టుకున్నది ఏదీ లేదు. వున్నదానితోనే ప్రపంచాన్ని పట్టుకోవడం వాడి మెదడు మొదటి రోజు నుంచి నేర్చుకుంటోంది. పెద్దయ్యాక ప్రమాదంలో వేలు పోయినవాడికీ వీడికీ అక్కడే తేడా. వాడి పద్ధతి మనకు వింతగా వున్నా, పని జరుగుతూ వుంటే దిద్దకండి.

ఇక్కడే కుడిచేతి మాట వస్తుంది. లోపం కుడిచేతిలో వుంటే బిడ్డ తనంతట తానే ఎడమచేతివాటం అవుతాడు. ఎడమచేత్తో తింటున్నాడని ముంజేతి మీద కొట్టే నానీలను చూశాము. ఆ కుడిచేతికి ముద్ద కలిపే వేళ్ళే లేవు మరి! వీలులేనిచోట తప్పులేదని ఇమాంసాబులే చెబుతారు; కావాలంటే అడిగి తెలుసుకోండి. వాడు ఏ చేత్తో రాసినా, ఏ చేత్తో తిన్నా రెండో చెయ్యి కాగితాన్ని నొక్కిపట్టాలి, పళ్ళాన్ని ఆపాలి. మేము చూసేది అది.

కాగితాల సంగతి క్లుప్తంగా. అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం, 2013 నుంచి వున్నది, పిల్లలకు పుట్టుకతో వచ్చిన లోపాలను చూసి జిల్లా కేంద్రానికి పంపుతుంది. ఆ రోజు బిడ్డను ఇంట్లో దాచకండి. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ వంటి పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. 2016 చట్టం ప్రకారం వైకల్యం 40 శాతం, అంతకు పైగా వుంటేనే రిజర్వేషన్ల వంటి సదుపాయాలు. ఆధార్‌కు అయిదేళ్ళ లోపు వేలిముద్ర అక్కరలేదు. ఆ తర్వాత వేళ్ళు లేకపోయినా కంటిపాపతో నమోదు చేయవలసిందే, అది కూడా వీలుకాకపోతే మినహాయింపు వుంది. "వేళ్ళు లేవు, కుదరదు" అని ఎవరైనా పంపేస్తే ఒప్పుకోకండి.

చివరగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక తల్లి బిడ్డను ఆపరేషన్ తర్వాత రెండుసార్లు తెచ్చి మానేసింది. అయిదు నెలల తర్వాత వచ్చేసరికి మచ్చ తాడులా గట్టిపడి వేలు వంగిపోయింది. మాకు కోపం వచ్చింది. అందరి ముందూ అన్నాము, "ఇంత చేసి నీ అశ్రద్ధతో పాడుచేశావు" అని. ఆవిడ ఏమీ అనలేదు. పక్కనున్న ఆడపడుచు చెప్పింది: ఈవిడ బీడీలు చుడుతుంది, ఆసుపత్రికి వచ్చిన రోజు ఆకు అలాగే వుండిపోతుంది, కూలి పోతుంది, పైన బస్సు చార్జీ. వచ్చిన రెండుసార్లూ పొద్దుటి నుంచి మూడు గంటల దాకా మా వరండాలో కూర్చోబెట్టి పది నిమిషాలు చూసి పంపామట. అది నిజమే. మచ్చ ఎలా రుద్దాలో మేము నోటితో చెప్పామే గాని, ఆవిడ చేత ఒక్కసారైనా రుద్దించి చూడలేదు. ఆ వేలికి మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆ తర్వాత నుంచి దూరపు ఊళ్ళవాళ్ళను ముందు పిలవడం, తల్లి చేత మా ఎదుట చేయించడం, ఆ చేయడాన్ని వాళ్ళ ఫోనులోనే వీడియో తీసి ఇవ్వడం మొదలుపెట్టాము. ముందే చేసివుండవలసింది.

కార్యదర్శిగారి ప్రశ్నకు మా జవాబు ఇదే. ఆపరేషన్‌కు పథకాలున్నాయి, దాతలున్నారు. ఆ తర్వాతి పన్నెండు ప్రయాణాలకు ఎవరూ లేరు. సంఘం ఒక బిడ్డకు ఆపరేషన్ సొమ్ము మంజూరు చేసేటప్పుడు, అందులోంచే కొంత విడిగా వుంచి, తల్లి ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ బస్సు చార్జీ, ఆ రోజు కూలీ చేతికి ఇవ్వగలిగితే మంచిది. రసీదు కావాలంటే మేము ఆ రోజు చూసినట్టు చీటీ మీద సంతకం చేసి ఇస్తాము. కార్యవర్గం ఈ విషయం ఆలోచించాలని కోరుతున్నాము.

భోజనాల తర్వాత పక్క గదిలో సాయంకాలం అయిదు దాకా వుంటాము. పిల్లల్ని తీసుకురండి, పాత ఫైలూ ఎక్స్‌రేలూ వుంటే తెండి. బద్ద ఇంట్లో ఏ అటక మీదో వుంటే అది కూడా తెండి, చిన్నదైపోతే మార్చి ఇస్తాము. తిట్టము.